మునగాకు రసం: పదహారు లీటర్ల ట్యాంకుకు అర లీటరు చాలు

మునగాకు రసం కొడితే కూరగాయ మొక్కలు గుబురుగా ఎదుగుతాయని ఈమధ్య ఎక్కడ చూసినా చెబుతున్నారు. అబద్ధమేమీ కాదు. కానీ ఎంత రసానికి ఎన్ని నీళ్లు, పిండాక ఎంతసేపట్లో కొట్టాలి, పంట ఏ దశలో కొట్టాలి, ఈ మూడు సంగతులు సరిగ్గా చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. దాంతో ఒకాయన గుప్పెడు ఆకు నలిపి బకెట్లో వేసి అయిందనిపిస్తాడు, ఇంకొకాయన చిక్కగా ఉంటే బలం ఎక్కువనుకుని ఉన్న రసమంతా ఒకే ట్యాంకులో పోస్తాడు. అందుకే అసలు లెక్క ముందే చెప్పేస్తున్నా: ఒక పాలు రసానికి ముప్ఫై, ముప్ఫై రెండు పాళ్ల నీళ్లు. మందు కొట్టే మన చేతి పంపు, బ్యాటరీ స్ప్రేయర్ ఎక్కువగా 16 లీటర్లవే కాబట్టి ట్యాంకుకు అర లీటరు రసం. మిద్దె తోట వాళ్లయితే లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు.

ఈ లెక్క ఎవరో గాల్లోంచి తీసింది కాదు. మధ్య అమెరికాలోని నికరాగ్వాలో నికోలస్ ఫోయిడల్ అనే ఆయన బృందం మునగ మీద చాలా ఏళ్లు పనిచేసి, లేత రెమ్మల రసాన్ని ఉల్లి, క్యాప్సికం, మొక్కజొన్న, సోయా లాంటి పంటల మీద కొట్టి చూసి, దిగుబడి 20 నుంచి 35 శాతం దాకా పెరిగిందని 2001లో రాశారు. ఆ తర్వాత పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు ఇదే పలుచన మీద, మూడు శాతం దగ్గర, చాలా పంటల్లో పరీక్షలు చేశారు, ముఖ్యంగా చౌడు నేలల్లో, నీటి ఎద్దడి ఉన్నచోట. లేత మునగాకులో జియాటిన్ అనే హార్మోను ఉంటుంది, సైటోకైనిన్ల రకం. కణాలు ఒకటి రెండుగా పెరిగి కొత్త చిగుళ్లు రావడానికి, ఉన్న ఆకు తొందరగా పండిపోకుండా పచ్చగా నిలబడడానికి అది పనికొస్తుంది. దాంతోపాటు విటమిన్ సి, పొటాషియం, కాల్షియం లాంటివీ రసంలో దిగుతాయి. ఆ 35 శాతం చూసి మాత్రం లెక్కలు వేసుకోకండి. ఎక్కడో వేరే నేలలో, వేరే వాతావరణంలో వచ్చిన అంకె అది, మీ చేలో ఎంత వస్తుందో మీరే తేల్చుకోవాలి, ఎలా తేల్చుకోవాలో కింద చెబుతాను.

ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తే మంచిది. ఇది టానిక్, తిండి కాదు. కిలో పచ్చి మునగాకులో నత్రజని మహా అయితే పది, పదిహేను గ్రాములు. ఎకరాకు పది కిలోల ఆకు పిండి కొట్టారనుకున్నా వంద, నూట యాభై గ్రాములే, అందులోనూ కొంత పిప్పిలో పోతుంది. ఎకరా టమాటాకు పదుల కిలోల నత్రజని కావాలి. కాబట్టి పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు, ఘనజీవామృతం, మీరు వేసేది యూరియానే అయితే యూరియా, ఏదైనా సరే నేలకు ఇవ్వాల్సింది ఇచ్చాకే ఈ రసం సంగతి. కడుపుకు అన్నం పెట్టకుండా టానిక్ సీసా చేతికిస్తే మనిషికెంత పనికొస్తుందో మొక్కకూ అంతే.

ఆకు కోయడం

ముదురు ఆకు వద్దు. చివరి రెమ్మలు, వేలితో తుంచితే పుటుక్కున తెగేవి, లేత ఆకుపచ్చ రంగులో ఉన్నవి తీసుకోవాలి. కొమ్మ నరికాక కొత్తగా వచ్చిన చిగురు అయితే నలభై రోజుల లోపుది మంచిది. పసుపు తిరిగిన ఆకు, తెల్ల మచ్చలున్న ఆకు పక్కన పడేయండి. రోడ్డు పక్క దుమ్ము పట్టిన చెట్టు, పక్కచేను వాళ్లు మందు కొట్టినప్పుడు జల్లు పడే చెట్టు కూడా వద్దు. వానాకాలంలో చెట్టు మొదట్లో, కొమ్మల మీద గొంగళి పురుగులు గుంపులు గుంపులుగా అంటుకుని ఉంటాయి, చూడకుండా చెయ్యి పెడితే ఆ రోజంతా గోక్కోవడమే, పైగా ఆ నూగు ఆకుకు అంటుకుని రసంలోకీ వస్తుంది. కోసే ముందు కొమ్మ కింద నుంచి ఒకసారి పైకి చూడండి.

కోసింది ఆ రోజే వాడాలి, కొట్టే వేళ చూసుకునే కోయాలి. ఆకు కోసినప్పటి నుంచి ఐదు గంటల లోపు చేలో కొట్టేయాలన్నది ఈ రసం మీద పనిచేసినవాళ్లు చెప్పిన గడువు. నిన్న పిండి సీసాలో పెట్టిన రసం, వాసన మారి నురగ కట్టింది, కొడితే నష్టం ఉండకపోవచ్చు గానీ మీరు ఆశించిన పని మాత్రం జరగదు. నిల్వ చేయాలంటే రసాన్ని కాదు, ఆకును చేయండి. శుభ్రంగా కడిగి, తడి ఆరనిచ్చి, కవర్లో వేసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఇందులో ఇంకో లాభం ఉంది, గడ్డకట్టినప్పుడు ఆకు కణాలు పగిలిపోతాయి, బయటికి తీసి మెత్తబడనిచ్చి పిండితే మామూలు ఆకు కంటే రసం ఎక్కువ దిగుతుంది. ఫైసలాబాద్ వాళ్లూ రాత్రంతా గడ్డకట్టించే పిండేవాళ్లు.

పిండడం

ఈనె పుల్లల నుంచి ఆకు దూసేయండి. లేత పుల్లలు ఉన్నా పర్వాలేదు, కానీ గట్టి ఈనెలు మిక్సీ బ్లేడుకు నారలా చుట్టుకుని మోటారు వేడెక్కిపోతుంది, ఇంట్లో తిట్లు అదనం. కిలో ఆకుకు వంద మిల్లీలీటర్ల నీళ్లు చాలు, పది కిలోలకు లీటరు అన్నమాట. చల్లటి నీళ్లు చిలకరిస్తూ కొంచెం కొంచెంగా వేసి, పది సెకన్లు తిప్పి ఆపి మళ్లీ తిప్పండి. రుబ్బురోలు ఉంటే ఇంకా మేలు, వేడి పుట్టదు. చిన్న మిక్సీ జారులో అన్ని తక్కువ నీళ్లతో ఆకు తిరగదు, అప్పుడు నీళ్లు ఎక్కువ పోయక తప్పదు, అయితే ఆ పోసిన నీళ్లను గుర్తుపెట్టుకోండి. గ్లాసు నీళ్లు పోసి రుబ్బారంటే ఆ గ్లాసు మీ పలుచన లెక్కలో కలిసిపోయినట్టే, దానికి మళ్లీ ముప్ఫై పాళ్లు కలిపితే చేలో పడేది పచ్చ రంగు నీళ్లు.

మెదిగిన ముద్ద ముదురాకుపచ్చగా, కాస్త ఆవపిండి ఘాటుతో ఉంటుంది. పాత పంచె ముక్కలోకి తీసుకుని మూట కట్టి మెలితిప్పండి. మొదట చిక్కటి రసం, నురగతో సహా, ధారగా దిగుతుంది, తర్వాత చుక్కలు. మూట విప్పి ముద్దను ఒకసారి కలిపి మళ్లీ మెలితిప్పితే ఇంకొంచెం వస్తుంది. ఆ గుడ్డ మరక పోదు, మంచి గుడ్డ తీసుకోకండి. రసాన్ని పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున మడ్డి దిగుతుంది, పై తేట వంపుకుని ఇంకో పలుచటి గుడ్డలో వడకట్టాలి. ఈ రెండో వడపోత బద్ధకించారంటే నడి చేలో నాజిల్ మూసుకుపోయి, దాన్ని విప్పి, నోటితో ఊది, మళ్లీ బిగించి, సగం రోజు దానికే సరిపోతుంది. పిప్పిని పారేయకండి, మేకలు, ఆవులు ఇష్టంగా తింటాయి.

ఎకరా కూరగాయలకు మొక్కకు పాతిక మిల్లీలీటర్ల చొప్పున లెక్కేస్తే రమారమి రెండు వందల లీటర్ల ద్రావణం, అంటే పన్నెండు ట్యాంకులు, ఆరు లీటర్ల రసం. దానికి ఆకు లేతదనాన్ని బట్టి పది, పన్నెండు కిలోలు పడుతుంది. అంత ఆకు దూయడం ఇద్దరు ఆడవాళ్లకు ఒక పూట పని. అందుకే నా ఉద్దేశంలో ఇది మిద్దె తోటకు, పెరటికి, అర ఎకరం, ఎకరం కూరగాయలకు బాగా కుదిరే పద్ధతి. నాలుగైదు ఎకరాలు టమాటా పెట్టినవాళ్లు కూలి లెక్క వేసుకున్నాకే దిగండి.

కొట్టడం

ట్యాంకు సంగతి ముందు. కలుపు మందు కొట్టిన ట్యాంకులో ఇది కలపొద్దు, ఎంత కడిగినా సరే. ముఖ్యంగా 2,4-డి అయితే పైపులో, వాషర్లో మిగిలిన కాస్తకే టమాటా, మిరప, బెండ ఆకులు మెలికలు తిరిగిపోతాయి, అప్పుడు నేరం మునగాకు మీద పడుతుంది. ఈ రసాలకు, కషాయాలకు వేరే ట్యాంకు పెట్టుకోవడమే మంచిది.

ఉదయం ఎనిమిది లోపు, లేదా సాయంత్రం ఎండ తగ్గాక. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు పీల్చుకునేలోపే ఆరిపోతుంది. నాలుగైదు గంటల్లో వాన పడితే కడుక్కుపోయినట్టే, మబ్బు చూసుకుని మొదలుపెట్టండి. ఆకు పైనా కిందా సన్నటి తుంపరగా పడాలి, ఆకు తడిసి చుక్క కారబోతోంది అనగా ఆపేయాలి. వంగ, బెండ ఆకుల మీద నూగు ఉంటుంది, మీరు కొట్టింది పూసల్లా నిలిచి జారిపోతుంటే ట్యాంకుకు కాసింత కుంకుడుకాయ రసం కలపండి, అంటుకుంటుంది. నురగ వచ్చేంత మాత్రం వద్దు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమంతో గానీ, వేరే రాగి మందులతో గానీ, ఇంకే పురుగు మందుతో గానీ కలిపి కొట్టకండి, మధ్యలో మూడు, నాలుగు రోజులు ఎడం ఇవ్వండి. పొలం బీటలు వారి ఉన్నప్పుడు కొట్టి లాభం లేదు, ముందు తడి ఇచ్చి మర్నాడు కొట్టండి.

దశలు ఇలా పెట్టుకోవచ్చు. నారు నాటి వేళ్లు పట్టాక, అంటే పది రోజులు దాటాక ఒకసారి, నేరుగా విత్తిన బెండ, గోరుచిక్కుడు, బీర లాంటివైతే మొలిచిన పది రోజులకు. తర్వాత పూత రాబోయే ముందు. ఆ తర్వాత పిందె పడ్డాక. టమాటా, వంగ, మిరప లాంటి ఎక్కువ కోతలు వచ్చే పంటలకు కోతలు నడుస్తున్నప్పుడు ఇంకోసారి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే మూడు, నాలుగు కోతలయ్యాక కింది ఆకు పండిపోయి తోట దిగజారుతుంది చూడండి, ఆకును పచ్చగా నిలబెట్టే గుణం అక్కడే అక్కరకొస్తుంది. వారం వారం కొట్టాల్సిన పనైతే లేదు.

చిక్కగా కొడితే ఏమవుతుందని అడుగుతారు. హార్మోను అనేది కొంచెం ఉంటే ఎదుగుదల, ఎక్కువైతే అడ్డం. విత్తనాల దగ్గర ఇది కళ్లకు కనిపిస్తుంది, చిక్కటి మునగాకు రసంలో నానబెట్టిన గింజల మొలక వెనకపడుతుంది, పలుచటి దాంట్లో నానినవి ముందు లేస్తాయి. నమ్మకం లేకపోతే రెండు గిన్నెల్లో కాసిని పెసలు వేసి చూసుకోండి, ఖర్చు లేని పరీక్ష.

విత్తనం నానబెట్టాలనుకుంటే అదే ఒకటికి ముప్ఫై పలుచన. బెండ, కాకర, బీర లాంటి గట్టి పెంకు గింజలను రాత్రంతా నానబెట్టి, పొద్దున నీడలో ఆరబోసి, ఆ రోజే విత్తేయాలి. కంపెనీ హైబ్రిడ్ విత్తనాలు గులాబీ రంగో, నీలం రంగో పూసి వస్తాయి, అది శిలీంధ్రాల మందు, వాటిని నానబెడితే ఆ మందు కడుక్కుపోతుంది, పైగా మీ చేతులకు అంటుతుంది. సొంత విత్తనానికే ఈ పని చేయండి.

పనిచేసిందో లేదో చూడడం

చాలామంది ఇక్కడే తమను తాము మోసం చేసుకుంటారు. కొట్టాక వారానికి తోట పచ్చగా కనిపిస్తే రసం మహిమ అంటారు, ఆ మధ్యలో వాన పడిన సంగతి మర్చిపోతారు. చేసేదల్లా ఇది: నడి చేలో రెండు సాళ్లు వదిలేయండి, గట్టు పక్క సాళ్లు కాదు, అక్కడ నీడ, పశువులు, దుమ్ము అన్నీ వేరుగా ఉంటాయి. ఆ రెండు సాళ్లకు మామూలు నీళ్లు కొట్టండి, అవే నీళ్లు, అదే వేళకు. ఉత్తగా వదిలేయకుండా నీళ్లు ఎందుకంటే, ఎండాకాలం ఆకు మీద నీళ్ల తుంపర పడినా మొక్క తేరుకుంటుంది, ఆ తేడాను రసం ఖాతాలో రాయకూడదు. సాలు రెండు చివర్లా కర్ర పాతి రిబ్బన్ కట్టండి. ప్రతి కోతలో ఆ రెండు సాళ్ల కాయలు వేరే గంపలో వేసి తూచి, పక్కన రసం కొట్టిన రెండు సాళ్లతో పోల్చి, పుస్తకంలో రాసుకోండి. మొదటి కోత చూసి తీర్పు చెప్పొద్దు, పంట అయ్యేదాకా రాయండి. కూలి పోను మిగిలిందేంటో అప్పుడు తెలుస్తుంది.

కొన్నిటికి ఈ రసం మందే కాదు. మిరపలో బొబ్బర, టమాటాలో ఆకుముడత వైరస్ వస్తే ఏ టానిక్కూ బాగుచేయదు, ఆ మొక్క పీకేయడమే. తామర పురుగు, నల్లి ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. ఎండాకాలం మదనపల్లె వైపు టమాటాలో పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత రాలిపోతుంది, అది వేడి వల్ల, సీసాలో దానికి జవాబు లేదు.

మునగ దొరకకపోతే

సప్తధాన్యాంకుర కషాయం మన ప్రకృతి వ్యవసాయం రైతులకు కొత్త కాదు. నువ్వులు, పెసలు, మినుములు, అలసందలు, ఉలవలు, శనగలు, గోధుమలు తలా వంద గ్రాములు. నువ్వులు ఒక రోజు ముందు నానబెట్టాలి, మిగతావి మర్నాడు, తర్వాత అన్నీ తడిగుడ్డలో మూట కట్టి, అంగుళం దాకా మొలకలొచ్చాక పచ్చడిలా నూరి, నానబెట్టిన నీళ్లతో సహా రెండు వందల లీటర్లలో, పది లీటర్ల గోమూత్రంతో కలిపి వడకట్టి కొడతారు, ఎకరాకు సరిపోతుంది. మొలకెత్తే గింజలో ఎదుగుదల హార్మోన్లు, ఎంజైములు చురుగ్గా ఉంటాయి కాబట్టి ఆలోచనలో అర్థముంది. పిందె దశలో కొట్టడం అలవాటు. పాలకూర, తోటకూర, కొత్తిమీర కోతకు దగ్గరున్నప్పుడు మాత్రం గోమూత్రం కలిసినవి వద్దు, వాటికి మంచినీళ్లలో కలిపిన మునగాకు రసమే నయం.

కొబ్బరి నీళ్లలోనూ సైటోకైనిన్లు ఉంటాయి, మొక్క ముక్కల నుంచి కొత్త మొక్కలు పెంచే టిష్యూ కల్చర్ ల్యాబుల్లో ఎప్పటి నుంచో వాడుతున్నారు. తమిళనాడు రైతులు కొబ్బరి పాలు, పుల్లమజ్జిగ కలిపి మగ్గబెట్టి పూత కోసం కొడతారు. కోనసీమలో ఉన్నవాళ్లకు చవక, మిగతావాళ్లు కొబ్బరి ధర చూసుకుని ఆలోచించాలి. దొండ తీగ ముక్కలు నాటేటప్పుడు కలబంద గుజ్జులో ముంచేవాళ్లున్నారు, హాని లేదు, చేసుకోండి.

సముద్రపు నాచు ద్రావణం ఇంట్లో చేసుకునేది కాదు, కొనాల్సిందే. తమిళనాడులో రామనాథపురం తీరంలో పెంచే కప్పాఫైకస్ నాచు నుంచి తీసినవి మన దగ్గర కూడా దొరుకుతాయి, మామూలుగా లీటరుకు రెండు, మూడు మిల్లీలీటర్లు, డబ్బా మీద ఏది రాస్తే అది. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: 2021లో కేంద్రం ఎదుగుదలకు ఊతమిచ్చే ఇలాంటి వాటిని, అంటే బయోస్టిమ్యులెంట్లను, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది, కాబట్టి లోపల ఏముంది, ఎంతుంది, ఏ పంటకు అన్నది డబ్బా మీద ఉండాలి. అవేవీ లేకుండా "అద్భుత ఫలితం" అని మాత్రమే రాసి, కొట్టిన మర్నాడే పురుగు కూడా మాయమైతే అనుమానించాల్సిందే, చెప్పని పురుగు మందు కలిపి ఉండొచ్చు. బిల్లు లేకుండా ఏదీ తీసుకోవద్దు.

కనిపించిన ప్రతి పచ్చ ఆకునూ రుబ్బేయడం కూడా వద్దు. జామాయిల్ ఆకు రసం మొలకలను అణిచేస్తుంది. వయ్యారిభామ అయితే పంట ఎదుగుదలకూ అడ్డమే, మీ చర్మానికీ పడదు. వేపాకు, వేపగింజ కషాయం పురుగుల కోసం, ఎదుగుదల కోసం కాదు, రెండూ కలిపి ఒకే దెబ్బకు కొట్టేద్దామనుకోవద్దు.

ఆకు కోసం ప్రతిసారీ పక్కింటి చెట్టు మీద పడడం కంటే గట్టు వెంట పీకేఎం-1 రకం మునగ గింజలు అడుగుకొకటి చొప్పున కంచెలా పెట్టుకుంటే సరి. ఎత్తు పెరగనివ్వకుండా నడుము దాకా నరుకుతూ ఉంటే నలభై రోజులకోసారి లేత రెమ్మలు చేతికందుతాయి. ఆషాఢంలో కూరకూ అదే, పిచికారీకీ అదే. వాన నీళ్లు మొదట్లో నిలవకుండా మట్టి ఎగదోయండి, మునగకు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.